చెనిక్కాయలతో పక్షవాతం లెక్క

మొన్న దసరా సెలవులకు మనవడూ మనవరాలూ ఊరికొచ్చారు. ఓ సాయంత్రం కరెంటు పోయింది. పోతే పోయిందిలే, ఇంకా వెలుతురుంది కదా అని అరుగు మీద చాప పరిచి, చేటలో ఎండు చెనిక్కాయలు పోసుకుని కూర్చున్నాం. వాడికి ఏడో తరగతి. అచ్చుముక్క కనిపిస్తే చాలు, పొట్లం కట్టిన కాయితమైనా సరే, చదవకుండా వదలడు.

"తాతా, పాతికేళ్లు దాటినవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు పక్షవాతం వస్తుందంట. మనం సరిగ్గా నలుగురం ఉన్నాం" అన్నాడు. అని ఊరుకున్నాడా? వేలు పెట్టి లెక్కపెట్టాడు. నేను, వాళ్లవ్వ, వాళ్లక్క, వాడు. "నాకింకా పాతిక దాటలేదుగా, నేను లేను. అక్క కూడా లేదు" అని మా ఇద్దరి వంకా చూశాడు. వాళ్లవ్వ కళ్లద్దాలు సర్దుకుని నా వంక చూసింది. ఇక నేనెవరి వంక చూడాలి?

వాడు చదివింది నిజమే. 2016 లెక్కల ప్రకారం ప్రపంచమంతటికీ కలిపి వేసిన అంచనా అది. అయితే నలుగురు కూర్చున్న ప్రతి అరుగు మీదా ఒకరిని ఏరి పెట్టారని దానర్థం కాదు. వానాకాలంలో మా మండలానికి ఇన్ని మిల్లీమీటర్ల వాన అంటారు. మన చేలో పడుతుందో, పక్కవాడి చేలో పడుతుందో అందులో రాసుండదు. అయినా చెరువు కట్ట ఎంత ఎత్తు పోయాలో తేల్చాలంటే ఆ లెక్కే కావాలి. ఇదీ అంతే.

"అసలు పక్షవాతమంటే ఏంది తాతా?" అంది పెద్దది. అది తొమ్మిది చదువుతోంది. మూలం అడగందే కదలదు.

పక్షమంటే పక్క. ఒంట్లో ఒక పక్క పడిపోతుంది కాబట్టి మనవాళ్లు ఆ పేరు పెట్టారు. పాత రోజుల్లో గాలి సోకిందనేవాళ్లు. జబ్బు కాలూ చేతుల్లో ఉందని నూనెలు తెచ్చి మర్దనా చేసేవాళ్లు. తీరా చూస్తే చెడేది కాలూ కాదు, చెయ్యీ కాదు. తలలో ఉన్న మడి ఎండిపోతుంది. మెదడు బరువు మన ఒంట్లో నూటికి 2 పాళ్లే, కానీ పీల్చిన ప్రాణవాయువులో నూటికి 20 పాళ్లు దానికే కావాలి. వరిమడి లాంటిది, కాసేపు నీళ్లాగితే తట్టుకోలేదు. ఆ మడికి నీళ్లు రెండు రకాలుగా ఆగుతాయి. కాలవలో తుంగో, తుక్కో అడ్డం పడొచ్చు. అదే రక్తం గడ్డ. లేదా కాలవ గట్టు తెగి నీళ్లు పక్కకు పోవచ్చు. అదే నరం చిట్లడం. మన దేశంలోనూ బయటా ఎక్కువగా వచ్చేది మొదటి రకం. తమాషా ఏమిటంటే, బయట నిలబడి చూసేవాడికి రెండూ ఒకేలా ఉంటాయి. మూతి వంకర పోతుంది, చెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తుంది. వైద్యం మాత్రం తిరగబడి ఉంటుంది. అడ్డం పడ్డ చోట గడ్డను కరిగించాలి. గట్టు తెగిన చోట ఆ కరిగించే మందే ఇచ్చామా, ఊరు మునిగిందన్నమాటే. అందుకే ముందు స్కాన్ తీసి ఏది జరిగిందో చూడాలి.

ఇంకోటి, కుడి పక్క పడిపోయిందంటే దెబ్బ తగిలింది ఎడమ మెదడుకి. తీగలు మెడ దగ్గర అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. మాట నేర్చే భాగం ఎక్కువమందికి ఎడమ వైపే ఉంటుంది గనక, కుడి చెయ్యి పడినవాళ్లకు మాట కూడా పోవడం చూస్తుంటాం.

మా చిన్నాయనకు అలాగే పోయింది. 1986లో, కలుపు తీయిస్తూ చేలోనే కూలబడ్డాడు. పొద్దున తొమ్మిది గంటలు. మంచం మీద మోసుకొచ్చారు. ఒకరు పసరు పోయమన్నారు, ఒకరు పావురం రక్తం రుద్దమన్నారు. పావురాన్ని పట్టుకోడానికే ఓ పూట పట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి టౌన్‌కి తీసుకుపోయాం. ఎవర్నీ తప్పు పట్టలేను, అప్పటికి మా వైపు తలకు స్కాన్ తీస్తారన్న మాటే ఎవరూ వినలేదు. గడ్డను కరిగించే ఇంజక్షన్ మూడు గంటల లోపల ఇస్తే పనిచేస్తుందని అమెరికాలో తేలిందే 1995లో. నాలుగున్నర గంటల దాకా ఇవ్వొచ్చని 2008లో తేలింది. పెద్ద నరం మూసుకుపోయినప్పుడు నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో ఒక డాక్టరు లెక్క కట్టాడు. ఆ లెక్క చదివిన రోజు నాకు గుర్తొచ్చింది పావురం వెంట దొడ్లో పరుగెత్తిన మా పూట.

చిన్నాయన పోలేదు. పదకొండేళ్లు నులక మంచం మీద ఉన్నాడు. ఆ పదకొండేళ్ల సంగతి తర్వాత చెప్తా. ముందు లెక్కకు రండి.

"ప్రపంచంలో ఎంతమందికి వచ్చిందో ఎవరు లెక్కపెట్టారు తాతా? అందరిళ్లకూ పోయారా?" అన్నాడు చిన్నోడు. అందరిళ్లకూ ఎవరూ పోలేరు. కొన్ని ఇళ్లకు పోయి, మిగతాది అంచనా కడతారు. ఆ అంచనా కట్టే యంత్రాన్ని మోడల్ అంటారు. యంత్రమంటే ఇనపది కాదు, లెక్కల యంత్రం. అది ఎలా తిరుగుతుందో చూద్దామని సున్నపు ముక్క తెమ్మన్నా. బారాకట్ట ఆడేటప్పుడు గీసినట్టు అరుగు మీద నాలుగు గడులు గీశాం. ఒకటో గడి బాగున్నవాళ్లది. రెండోది ఈ ఏడు పక్షవాతం వచ్చినవాళ్లది. మూడోది వచ్చి బతికి ఉన్నవాళ్లది. నాలుగోది పోయినవాళ్లది.

ఒకటో గడిలో 100 చెనిక్కాయలు పోశాం. ఇదే మన ఊరు. ఆట నియమాలు నేను ఊహించి పెట్టినవే, నిజం ఊరి లెక్కలనుకోకండి. ఏడాదికోసారి ఒకటో గడి నుంచి 4 కాయలు రెండో గడికి పోతాయి. ఆ నాలుగులో ఒకటి నాలుగో గడికి, మూడు మూడో గడికి. మూడో గడిలో 10 కాయలుంటే ఏడాదికి ఒకటి, 20 ఉంటే రెండు, అలా నాలుగో గడికి వెళ్లిపోతాయి. ఊళ్లో పిల్లలు పెద్దవాళ్లవుతుంటారు గనక ఒకటో గడి తరుగును చేటలో నుంచి నింపుతూ ఉండాలి.

ఆడాం. మొదటి ఏడు మూడో గడిలో 3. రెండో ఏడు 6. ఆపైన 9, 12, 14. ఎనిమిదో ఏటికి 20. ఆ తర్వాత నెమ్మదించింది, 21, 22 అంటూ ఒక్కొక్కటే. పద్దెనిమిదో ఏటికి 30 అయింది. పంతొమ్మిదో ఏడు కూడా 30. ఇరవయ్యో ఏడూ 30. ఈ మధ్యలో మావాడు నాలుగో గడిలోవి వలుచుకుని తినేస్తున్నాడు. "పోయినవాళ్లే కదా తాతా!" అంటాడు. వాళ్లవ్వ నెత్తిన ఒక్కటిచ్చింది.

"ఎందుకు ఆగిపోయింది?" అంది పెద్దది. ఎందుకంటే మూడు వస్తున్నాయి, మూడు పోతున్నాయి. మన ఊరి చెరువును చూడండి. వంకలో నుంచి నీళ్లొస్తాయి, తూము నుంచి పోతాయి, నిండితే మరవ పారుతుంది (మీ వైపు అలుగంటారేమో). చెరువులో ఎంత నీరుందనేది ఒక లెక్క. వంకలో ఎంత వస్తోందనేది ఇంకో లెక్క. నీళ్లు చూసుకునే నీరుగంటికి రెండూ తెలిసుండాలి. పేపర్లో 'ఇంతమందికి పక్షవాతం' అని రాస్తే ముందు అడగాల్సింది ఇదే. ఈ ఏడు కొత్తగా వచ్చినవాళ్లా, ఇప్పటిదాకా వచ్చి బతికి ఉన్నవాళ్లా? 2019లో ప్రపంచంలో కొత్తగా వచ్చినవి 1 కోటి 22 లక్షలు. అప్పటికి పక్షవాతం వచ్చి బతికి ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు. వంక చిన్నదే, చెరువు పెద్దది.

ఇలా గడి నుంచి గడికి దూకే ఆటకు పెద్ద చదువుల్లో ఒక రష్యా ఆయన పేరుంది, మార్కోవ్ గొలుసు అంటారు. ఆయనేమీ డాక్టరు కాదు, లెక్కల మేష్టారు. 1913లో ఆయన చేసిన పని వింటే నవ్వొస్తుంది. పుష్కిన్ రాసిన ఒనేగిన్ కావ్యం తీసుకుని, అందులో 20,000 అక్షరాలు వరసగా చూస్తూ, అచ్చు తర్వాత హల్లు ఎన్నిసార్లొచ్చింది, హల్లు తర్వాత అచ్చు ఎన్నిసార్లొచ్చింది అని చేత్తో లెక్కపెట్టుకున్నాడు. ఇప్పుడున్న గడిని బట్టి తర్వాతి గడి ఏదో అంచనా కట్టొచ్చునని అలా చూపించాడు. కవిత్వం చదువుతూ అచ్చులు లెక్కపెట్టే మనిషిని ఇంట్లోవాళ్లు ఎలా భరించారో గానీ, ఆ గొలుసుతోనే ఇవాళ ఏ ఊళ్లో ఎన్ని పక్షవాతం మంచాలు వేయాలో లెక్క కడుతున్నారు.

"మరి 4 అని నువ్వు ఊహించి పెట్టావు. వాళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?" ఇదిగో, ఈ ప్రశ్న అడిగినందుకు మా అమ్మికి గుప్పెడు కాయలు ఎక్కువిచ్చా. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఆసుపత్రి పుస్తకం చూస్తే ఆసుపత్రికొచ్చినవాళ్లే కనిపిస్తారు. మా చిన్నాయన మొదటి రాత్రే పోయుంటే ఏ పుస్తకంలోనూ ఉండేవాడు కాదు. అందుకని లూధియానా, తిరువనంతపురం లాంటి చోట్ల ఊరి మొత్తానికీ రిజిస్టరు పెట్టారు. ఆసుపత్రులు, స్కాన్ సెంటర్లు, మరణాల పుస్తకాలు, అన్నీ జల్లెడ పట్టి ఎవరికొచ్చిందో రాసుకుంటారు. ఇంట్లోనే పోయినవాళ్ల కోసం ఇంకో దారుంది. ఈ శతాబ్దం మొదట్లో మన దేశంలో జనాభా లెక్కల శాఖవాళ్లు, ప్రభాత్ ఝా అనే డాక్టరూ కలిసి పెద్ద పని మొదలుపెట్టారు. దానికి మిలియన్ డెత్ స్టడీ అని పేరు. చావు జరిగిన ఇంటికి పోయి కూర్చుని, ఎలా మొదలైంది, మాట పడిపోయిందా, ఒక పక్కే పడిందా అని అడిగి రాసుకొస్తారు. ఆ కాయితం ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేలుస్తారు. పంచాయితీలో సాక్షుల్ని విడివిడిగా అడిగినట్టన్నమాట.

ఇంకో చిక్కు చెప్తా. 1990 నుంచి 2019 దాకా ప్రపంచంలో కొత్త పక్షవాతాలు నూటికి 70 పెరిగాయి. అదే కాలంలో, ఒకే వయసువాళ్లను ఒకే వయసువాళ్లతో పోల్చి చూస్తే, నూటికి 17 తగ్గాయి. రెండూ నిజమే. ఎలాగంటారా? మా తోటలో 20 ఏళ్ల కిందట నాలుగు ముసలి మామిడి చెట్లుండేవి, ఏడాదికి రెండు కొమ్మలు విరిగేవి. ఇప్పుడు ముసలి చెట్లు ఇరవై, ఏడాదికి ఎనిమిది కొమ్మలు విరుగుతున్నాయి. గాలి పెరిగిందా? లేదు. చెట్టుకు ఇన్ని కొమ్మలని చూస్తే గాలి తగ్గింది. చెట్లే ముదిరాయి, పెరిగాయి. మొదటి లెక్క చూసినవాడు అయ్యో అంటాడు, రెండోది చూసినవాడు ఆహా అంటాడు. కొమ్మలు ఏరేవాళ్లు ఎంతమంది కావాలో తేల్చాల్సిన వాడికి మాత్రం మొదటిదే కావాలి.

ఇప్పుడు ఆసుపత్రిని బాగుచేద్దాం అన్నాను. మూడో గడిలో 30 అలాగే ఉన్నాయి. ఇకనుంచి ఏటా వచ్చే నలుగురిలో ఒక్కరూ పోరు, నలుగురూ మూడో గడికే. 31, 32, 33. పదేళ్లకు 40 అయింది, అక్కడ ఆగింది. చిన్నోడు నోరు తెరిచాడు. "ఆసుపత్రి బాగైతే జబ్బుమనుషులు పెరిగారేంది తాతా?" ప్రాణం నిలబెట్టారు కదరా, నిలబడ్డ ప్రాణం మూడో గడిలో ఉంటుంది. దానికి మందు కావాలి, చెయ్యి కదిలించడం నేర్పే మనిషి కావాలి, పట్టుకునే కర్ర కావాలి. ఆసుపత్రి కట్టేటప్పుడు రిబ్బను కత్తిరించేవాళ్లకు ఈ పదీ కనిపించవు. మోడల్‌కి కనిపిస్తాయి. నేను ఈ లెక్కల్ని ఇష్టపడేది అందుకే.

అలాగని ఆసుపత్రి వద్దనుకోకండి. సరైన చోట పెడితే మూడో గడికి వచ్చినవాళ్లు కాస్త నడిచే స్థితిలో వస్తారు. లండన్‌లో 2010లో ఒక పని చేశారు. అప్పటిదాకా సుమారు 30 ఆసుపత్రులు పక్షవాతం చూసేవి, తలా కాస్తా. దాన్ని 8కి కుదించి, ఆ ఎనిమిదింట్లో రాత్రీపగలూ స్కానూ డాక్టర్లూ ఉండేట్టు చేశారు. దగ్గరి ఆసుపత్రిని దాటుకుని అంబులెన్సు దూరం పోవాలి. వినడానికి తిక్కగా ఉంది, కానీ చావులు తగ్గాయి. దగ్గరి కొట్టు మూసి ఉంటే దగ్గరై ఏం లాభం? మనకు 108 బండి హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది. బండి వచ్చే దూరం కాదు, స్కాన్ గది తలుపు తీసి ఉండే గంటలు లెక్కపెట్టాలని నేను ఎవరు దొరికితే వాళ్లకు చెప్తుంటా.

మళ్లీ గడులన్నీ తుడిచి మొదట్నుంచి ఆడాం. ఈసారి ఏడాదికి నాలుగు కాదు, రెండే కాయలు పడతాయి. ఆసుపత్రి బాగున్నట్టే లెక్క, ఆ రెండూ బతుకుతాయి. పదిహేనేళ్లకు మూడో గడి 20 దగ్గర ఆగింది. "నాలుగుని రెండు చేసేదెట్లా?" అన్నారిద్దరూ.

అక్కడ బీపీ వస్తుంది. నడివయసులో పై బీపీ 20 పెరిగిన కొద్దీ పక్షవాతంతో చనిపోయే ముప్పు రెట్టింపవుతుంది. అదీ 150 దాటాక మొదలయ్యే సంగతి కాదు, 115 దగ్గర్నుంచే. లండన్‌లో జెఫ్రీ రోజ్ అనే డాక్టరు 1985లో ఒక సంగతి చెప్పాడు. బీపీ బాగా ఎక్కువున్నవాళ్లు కొద్దిమంది, కాస్త ఎక్కువున్నవాళ్లు బోలెడుమంది. ఒక్కో మనిషికి ముప్పు మొదటివాళ్లకే ఎక్కువ, కానీ జబ్బుల్లో పెద్దభాగం ఆ బోలెడుమందిలో నుంచే వస్తుంది. చేలో ఎద్దు పడితే ఊరంతా కర్రలు తీసుకుని పరుగెత్తుతాం. పిచ్చుకలు గింజా గింజా తిన్నది కోత రోజు దాకా ఎవరికీ తెలీదు.

ఎద్దుల సంగతి మాత్రం మనం సరిగ్గా చూస్తున్నామా? డాక్టర్లలో ఒక పాత లెక్కుంది, సగాల లెక్క. బీపీ ఉన్న 8 మందిలో ఉందని తెలిసింది నలుగురికి. ఆ నలుగురిలో మాత్రలు వేసుకునేది ఇద్దరు. ఆ ఇద్దరిలో అదుపులో ఉన్నది ఒక్కరికి. తూము దగ్గర వదిలిన నీళ్లు ఆఖరి మడికి చేరేసరికి ఎనిమిదో వంతు. ఆ కాలవను బాగుచేయడానికి 2017లో దేశంలో ఐదు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన పథకంలో తెలంగాణ ఒకటి. మాత్ర అయిపోయినప్పుడు మళ్లీ మాత్ర దొరుకుతుందా, మనిషి మళ్లీ వచ్చాడా లేదా అని పేరుపేరునా చూసుకోవడం అందులో పెద్ద పని.

ఇక పిచ్చుకలకు ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆంధ్రలో కొలిచి చూస్తే మనిషికి 9.5 గ్రాముల దాకా తేలింది. ఊరుబిండి, ఊరగాయ, అప్పడం, మజ్జిగలో చిటికెడు, కోసిన మామిడికాయ మీద ఇంకో చిటికెడు. చైనాలో 600 పల్లెల్లో ఒక పరీక్ష చేశారు. అరవై దాటి బీపీ అదుపులో లేనివాళ్లు, ఇదివరకే పక్షవాతం వచ్చినవాళ్లు, దాదాపు 21,000 మంది. సగం ఊళ్లవాళ్లకు మామూలు ఉప్పే, సగం ఊళ్లవాళ్లకు నాలుగోవంతు పొటాషియం ఉప్పు కలిపింది ఇచ్చారు. ఐదేళ్లకు దగ్గరగా చూశారు. 2021లో ఫలితం చెప్పారు, కొత్త ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతాలు నూటికి 14 తగ్గాయి. కత్తిలేదు, మంచంలేదు, వంటింటి డబ్బాలో ఉప్పు మార్చారంతే. (మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆ ఉప్పు జోలికి పోకూడదు.)

"విన్నారా?" అన్నాను వాళ్లవ్వతో. "నేను విన్నాలే. నిన్న ఊరుబిండిలో ఉప్పు చాల్లేదని కంచం జరిపిందెవరు?" అంది. పిల్లలు నవ్వారు. నేను బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని అప్పుడు గుర్తొచ్చింది.

చిన్నాయన పదకొండేళ్ల సంగతి అప్పుడు చెప్పా. ఈ లెక్కల్లో డాలీ అని ఒక కొలతుంది. 1990ల్లో క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్ అని ఇద్దరు దాన్ని వాడుకలోకి తెచ్చారు. ముందే పోయినందువల్ల పోగొట్టుకున్న ఏళ్లనూ, ఉండీ లేనట్టు బతికిన ఏళ్లనూ కలిపి కొలిచే మానిక అది. 2019లో పక్షవాతం వల్ల ప్రపంచం పోగొట్టుకున్నది అలాంటివి 14 కోట్ల 30 లక్షల ఏళ్లు. చిన్నాయన పదకొండేళ్లు కూడా అలాంటి మానికలోకి ఎంతో కొంత వస్తాయి. అయితే పొద్దున్నే ఆయన్ని లేపి కూర్చోబెట్టి, మొహం కడిగి, సంగటి మెత్తగా పిసికి ముద్దలు పెట్టింది మా చిన్నమ్మ. కూలికి పోవడం మానేసింది. వాళ్ల పెద్దపిల్ల ఎనిమిదో తరగతిలో బడి మానేసింది, మళ్లీ పోలేదు. చీటీ లేదు, రిజిస్టరు లేదు. ఆ ఇద్దరి ఏళ్లు ఏ మానికలో పోయాలో నాకిప్పటికీ తెలీదన్నా.

పెద్దది ఏమీ అనలేదు. చీకటి పడుతోంది, గడుల గీతలు మసకగా కనిపిస్తున్నాయి. చేట పక్కకు జరిపి ముందుకు వంగింది. ఒకటో గడిలో నుంచి ఒక్కో కాయే తీసి, మూడో గడిలో ఒక్కో కాయ పక్కన ఆనించి పెట్టుకుంటూ పోయింది. ఇరవై కాయలు తీసింది. చిన్నోడు తినబోతూ చెయ్యి ఆపి, ఒకటో గడిలో మిగిలినవి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.